మ్యాపులో రెండు చుక్కలు

కళ్ళజోళ్ళ షాపులో పని ముగించుకుని వచ్చిన భార్య ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. ప్రెస్సులో బైండరైన భర్తకు అంతవరకు ఆగే ఓపిక లేకపోయింది.

“మళ్ళీ అడుగుతున్నా. మధ్యాహ్నం ఎక్కడికెళ్ళావు?”

“షాపులోనే ఉన్నానని చెప్పాగా.”

“షాపులోనా?”

“షాపులోనేనండీ. కాసిని మంచినీళ్ళిస్తారా?”

“తెల్లరంగు మేడ. గేటు పక్కన జిరాక్సు షాపు. మూడో అంతస్తు.”

“మీకెవరు చెప్పారు?”

“ఎవరో చెప్పారులే. ఎవడు వాడు? అది చెప్పు ముందు. ఈ వారమంతా అక్కడికే. నాతో సినిమాకి రమ్మంటే తలనొప్పి, వాడి దగ్గరికేమో కొత్త చీర.”

“ఆ చీర పాతదే. ఇస్త్రీ చేయించా.”

“మాట మార్చకు.”

“మార్చింది మీరు. ఎవరు చెప్పారని అడిగా.”

“ఫోను చెప్పింది. నీ ఫోన్లో యాప్ వేశా. నువ్వెక్కడుంటే అక్కడ చుక్క పడుతుంది. చాలా?”

“నాకు చెప్పకుండానా?”

“చెప్పి వేస్తే నిజం బయటపడుతుందా? ఊరికే ఇస్తున్నారు, వేశా. మనదేం పోయింది?”

“డబ్బు కట్టి వేసుకునేదీ ఉందిగా. అదైతే మన సంగతులు ఎవరికీ ఇవ్వరట.”

“నెలనెలా కట్టాలి దానికి. ఇప్పుడు మనమున్న...”

“ఉన్న?”

“ఏం లేదు. దండగెందుకని.”

“దండగని మన తిరుగుళ్ళన్నీ అమ్ముకోమని వాళ్ళ చేతిలో పెట్టేశారు. వేసేటప్పుడు ఏవేవో అడిగుంటారే?”

“అడిగారు. అన్నిటికీ సరేనని నొక్కేశా. అంత చాటభారతం ఎవడు చదువుతాడు?”

“అందుకే నాకు ఒకటే వాకింగ్ బూట్ల ప్రకటనలు. ‘మీ ఇంట్లో ఒకరు రోజంతా పార్కులో గడుపుతున్నారు, వారికి మంచి బూట్లు కొనివ్వండి’ అని.”

“ఏ పార్కు?”

“నేనూ అదే అనుకుని నొక్కి చూశా. మ్యాపులో రెండు చుక్కలున్నాయి. ఒకటి నాది. రెండోది మీదండీ.”

“అది తప్పు చూపిస్తుంది. ఊరికే వచ్చేవి అంతే.”

“నాది ఒప్పూ, మీది తప్పూనా?”

“ఇప్పుడు నా గొడవెందుకు?”

“ప్రెస్సు మూసేశారా, మిమ్మల్నొక్కరినే తీసేశారా?”

“బైండింగుకి మిషను కొన్నారు. చెబుదామనే అనుకున్నా. రోజూ అనుకున్నా. చెబితే నువ్వు...”

“నేను?”

“పనిలేనివాడితో ఏముంటావులే అని. అంతలో నువ్వు ఆ మేడ ఎక్కడం మొదలుపెట్టావు. వాడెవడో ఇంకా చెప్పలేదు.”

“మూడో అంతస్తన్నారు. చుక్కకి అంతస్తులుండవు కదండీ. మూడోదని ఎలా తెలిసింది?”

“చూశా. ఎండలో నిలబడి ఆ కిటికీలోకే చూశా. వాడితో నవ్వుతున్నావు.”

“పని అడగడానికి వెళ్ళి ఏడవనా? ఆయన డైరీలు తయారుచేయిస్తాడు. చేత్తో కుట్టే మనిషి కావాలట. పదిసార్లు తిప్పించుకుని ఇవాళ ఒప్పుకున్నాడు. రేపు పొద్దున మిమ్మల్ని రమ్మన్నాడు.”

“నన్నా? ఎక్కడికి?”

“దారి నేను చెప్పాలా? నేను వెళ్ళినప్పుడల్లా మీ చుక్క ఆ గేటు ఎదురుగానేగా ఉంది.”