షెడ్డు దాటే డ్రమ్ము

2008. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీ కంప్యూటర్ గది. అతనికి ఆ ఉద్యోగంలో అది ఆఖరి రోజు. అతను రాసిన స్టోరు ప్రోగ్రాంను రేపటి నుంచి ఆమె చూసుకోవాలి.

“అన్నా, ప్రోగ్రాంల ఈ ‘సరుకు’ అని పేరు పెట్టినవ్, అంటే ఒక్క డ్రమ్మా, డ్రమ్ముల వరుసనా? ఏ రకమో ఏడా రాయలేదు.”

“రాసుడెందుకు చెల్లే? కింద అన్నిటినీ కూడిన గదా, అంటే వరుసనే. ఈ కొత్త ప్రోగ్రాం భాషల రకాన్ని కంప్యూటరే పసిగడ్తది. పొరపాటైతే అదే ఆపుతది.”

“దానికి తెలిసింది. నాకు తెల్వాలంటే ప్రోగ్రాం మొత్తం చదవాలె.”

“ప్రతిదానికీ రకం రాస్తే పేజీలు నిండుతయి. అసలు లెక్క అండ్ల మునుగుతది.”

“ప్రతిదానికీ వద్దు. మందులు కలిపే షెడ్డు లోపట గరిటెకు చీటీ అంటిస్తమా?”

“అంటియ్యం. అక్కడ పనిచేసేటోళ్లకు ఎరుకనే.”

“మరి షెడ్డు దాటే డ్రమ్ముకు?”

“చీటీ లేకుంటే గేటు కాడనే ఆపుతరు. లోపట ఉత్త నీళ్లున్నా సరే.”

“ఎందుకట్ల?”

“అవతలోనికి నింపినోడు కనబడడు గద...”

అతను తెర మీది ‘సరుకు’ వైపు చూశాడు.

“జెర కుర్చీ ఇటియ్యి చెల్లే. ప్రోగ్రాంల గేటు దాటి అవతలోని చేతికి పోయేటియన్నిటికీ రకం రాసే పోత.”