రాయికి అడుగువైపు

దక్షిణ టిరోల్, 1934. ఈ ప్రాంతం ఇటలీ చేతికి వచ్చాక జర్మన్ భాషను బడుల్లోంచి, బోర్డుల మీంచి, చివరికి సమాధుల మీంచి కూడా వెళ్లగొట్టారు. సమాధిరాళ్లు చెక్కే ముసలి ఎగీడ్ కొట్టుకి, మొన్ననే మొగుడు పోయిన బుర్గా వచ్చింది.

“మెల్లగా తల్లీ, మెల్లగా! కిటికీ తెరిచే ఉంది. జర్మన్ ముక్క వీధిలోకి వినబడిందంటే నా కొట్టుకి తాళమే.”

“ఉండండి మామా, మూసేస్తాను. ఊఁ, మూశాను. ఇప్పుడు చెప్పండి, రాయి మీద ఈ లుయీజీ ఎవరు?”

“నీ మొగుడే.”

“నా మొగుడు ఆలోయిస్. పుట్టినప్పుడు ఆలోయిస్, పెళ్లినాడు ఆలోయిస్. లుయీజీ అంటే పలికేవాడే కాదు.”

“ఆఫీసువాళ్లు రాసిచ్చింది చెక్కాను. రేపు పొద్దున్న సమాధి మీద పరిచేస్తాం. ఇక వెళ్లు.”

“ఒక్క మాట చెక్కండి మామా. ఒక్కటే. ‘ఫెర్‌గెల్ట్స్ గాట్’.”

“ఏమన్నావ్?”

“రోజూ సూపు తాగి గిన్నె కింద పెట్టి, నీకు దేవుడే మేలు చెయ్యాలే అన్నట్టు ఆ మాట అనేవాడు. అంతకన్నా తీపిమాట రాదు ఆయనకి.”

“పిచ్చా నీకు? జర్మన్ అక్షరం చెక్కానంటే నన్ను శిక్షగా ఏ దీవికో పంపేస్తారు. ఈ వయసులో చేపల కంపులో చావనా?”

“కొండ దాటితే ఇన్స్‌బ్రుక్‌లో కుక్కని కూడా జర్మన్‌లోనే అదిలిస్తారు. వియన్నాలో, బెర్లిన్‌లో గొంతు చించుకుని మాట్లాడతారు. ఇక్కడ చచ్చినవాడికి కూడా ఒక్క ముక్క దక్కదా?”

“అయితే కొండ అవతలే పాతిపెట్టాల్సింది.”

“పైన వద్దు మామా. అడుగువైపు చెక్కండి, మట్టివైపు. చదవాల్సింది పోలీసులు కాదు, ఆయన.”

“అడుగువైపా? ఈ మాట నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు.”

“అబద్ధం! ఎవరు పంపారు నిన్ను? పోలీసులేనా? పింఛను ఇప్పిస్తామన్నారా?”

“అయ్యో, ఎంత మాట! నేనా?”

“నువ్వే. ఇటలీవాళ్ల బడిలో బల్లలు తుడిచేది నువ్వే కదా. పైగా నీ తమ్ముడు లియోన్‌హార్డ్ ఆఫీసులో కూచుని ఊరందరి పేర్లూ ఇటాలియన్ చేస్తున్నాడు.”

“వాడి పేరెత్తకండి! మా నాన్న రాయి మీద యోహాన్‌ని జొవాన్నీ చేసిందీ వాడే. ఆనాటి నుంచి వాడి గడప తొక్కలేదు. మొన్న ఈయన శవపెట్టె మొయ్యడానికొస్తే శ్మశానం గేటు దగ్గరే ఆపేశాను.”

“వాడేమన్నాడు?”

“ఏమంటాడు? టోపీ నలుపుకుంటూ నిలబడ్డాడు. మీకెందుకు అదంతా?”

“ఊరికే. ఊరికే అడిగాను.”

“మీరు మాత్రం తక్కువా? వాళ్ల ఫాసిస్టు పార్టీ బిళ్ల కోటుకి తగిలించుకుని తిరుగుతున్నారు. మిమ్మల్ని నమ్మడం నాదే బుద్ధితక్కువ. నేను గుమ్మం దాటగానే వెళ్లి చెప్పేస్తారేమో!”

“చెబుతానో, చెప్పనో. వెళ్లు.”

“వెళ్లను. ఆ ఉలి ఇలా ఇవ్వండి.”

“ఏయ్, ఏయ్! గోడకి ఆనించిన రాయి వెనక్కి దూరతావేంటి! అది పాలరాయి, పిండిముద్ద కాదు!”

“వదలండి. నేనే చెక్కుకుంటాను.”

“సుత్తి అలా కాదే... బుర్గా! అయ్యో, వేలు! గోరు చితికిపోయింది!”

“పోతే పోయింది. ఒక గీత పడింది, చూడండి.”

“ఇలా తే చెయ్యి. గుడ్డ చుట్టనీ. పోలీసులు పంపిన మనిషి ఇలా వేలు చితక్కొట్టుకోదులే. ఏడవకు. సాయంత్రానికల్లా చెక్కేస్తాను.”

“నిజంగా? అడుగువైపేనా?”

“అడుగువైపే.”

“మామా... మా తమ్ముడికి మాత్రం తెలియనివ్వకండి. వాడి కంట పడిందంటే మీరూ నేనూ ఇద్దరం పోతాం.”

“కూచో బుర్గా. మీ నాన్న రాయి అడుగున యోహాన్ అనే ఉంది.”

“ఏంటీ?”

“అప్పట్నుంచి నేను పరిచిన ప్రతి రాయికీ అడుగున జర్మనే. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించారు, నీ గొంతు పెద్దదని.”

“ఎవరు? ఎవరు వేయించారు?”

“మొదటిసారి మీ నాన్న రాయికి అడుగున చెక్కమని నా కాళ్లు పట్టుకున్నవాడే. ప్రతి రాయినీ నాతో కలిసి దించేదీ వాడే. రేపు నీ మొగుడి రాయికీ వస్తాడు, ఈసారి గేటు దగ్గర ఆపకు.”