తెల్ల గీత మీద తెల్ల గీత

పేరు పై కాగితంలో రాయించాను. వయసు ఇరవై మూడు. పని కార్ల ఎలక్ట్రీషియన్. బడిలో నేర్చుకున్నది తక్కువ, పాడైన స్టార్టర్లు విప్పి నేర్చుకున్నది ఎక్కువ. ఈ శుక్రవారం ఉదయం పదిన్నరకు, ఎవరూ పిలవకుండానే, స్టేషన్‌కు వచ్చి చెబుతున్నాను.

నిన్న ఒక కారులో మంట లేచిన సంగతి మీద మా షెడ్డు యజమాని ఇచ్చిన వాంగ్మూలంలో “చేతులు వణికే ముసలాడు నట్టు వదులుగా వదిలేశాడు” అని ఉందట. అది అబద్ధం. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఒళ్ళు మండుతోంది. ఆ ముసలాడు అన్నది మా మేస్త్రిని. ఆయన్ను నిన్నటి నుంచి ఇక్కడే బెంచీ మీద కూర్చోబెట్టారు. “తెల్ల గీత నాదే, తప్పూ నాదే” అని ఆయన ఒప్పుకున్నారట. అదీ నిజం కాదు.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. నట్టు బిగించినవాళ్ళు బోల్టు మీద నుంచి నట్టు మీదుగా పెయింటుతో ఒక గీత గీయాలి. నట్టు కదిలితే గీత విరిగి కనిపిస్తుంది. మేస్త్రి రంగు తెలుపు, నాది పసుపు.

నన్ను షెడ్డులోకి రానిచ్చింది మేస్త్రి. ఆడపిల్లకు గ్రీజు పనేమిటని యజమాని అంటే, “గ్రీజు పోవడానికి సబ్బుంది, మీ నోటికేముంది?” అన్నారు. నన్ను ‘మిరపకాయ్’ అని పిలుస్తారు. నేను మాన్యువల్ చూసి టార్క్ రెంచితో బిగిస్తాను. అనుకున్న బిగింపు రాగానే అది టిక్కుమంటుంది. ఆయన మామూలు పానాతో బిగిస్తారు. “నీకు నంబరు, నాకు మణికట్టు” అనేవారు.

ఏడు నెలల క్రితం ఆయనకు పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయి మళ్ళీ వచ్చింది. ఆయన తిరిగి పనిలోకి వచ్చిన మూడో రోజున, ఆయన బిగించిన బ్యాటరీ క్లాంపు నా వేళ్ళకే తిరిగింది. ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే నేను వెనకే బిగించేదాన్ని. టార్క్ రెంచి ముట్టుకోలేదు, టిక్కుమంటే కుళాయి దగ్గరికి వినబడుతుంది. మామూలు పానాతో, చప్పుడు లేకుండా బిగించి, ఆయన తెల్ల పెయింటుతోనే మళ్ళీ గీత గీసేదాన్ని. ఆయన బిగింపు ఎంత ఉందో ఒక్కనాడూ కొలిచి చూడలేదు. నట్టు కొంచెం కదిలితే చాలు, వదులే అనుకునేదాన్ని.

మంగళవారం ఉదయం పదకొండుకు లెక్కల టీచరమ్మ గారి కారుకు మేస్త్రి కొత్త స్టార్టర్ వేశారు. ఆ బండి స్టార్టర్‌ను ఇంజనుకు పట్టి ఉంచే బోల్టులకు నలభై అయిదు న్యూటన్ మీటర్ల బిగింపు కావాలి. బ్యాటరీ తీగ తగిలించే చిన్న రాగి బోల్టుకు పది చాలు, మించితే అది లోపలే పగులుతుంది. ఈ రెండు నంబర్లూ నాకు నోటికి వచ్చు.

పదకొండూ ఇరవైకి ఆయన కుళాయి దగ్గరికి వెళ్ళారు. నేను ఆ రాగి బోల్టు నట్టును పావు చుట్టు తిప్పాను. మొదట గట్టిగా ఉంది, తర్వాత ఒక్కసారిగా మెత్తబడింది. నాకు అనుమానం వచ్చింది. అప్పుడే చెప్పాల్సింది. చెబితే ఏడు నెలల సంగతీ బయటపడుతుంది, ఆయన మొహం ఎలా చూడను అనుకున్నాను. గీత గీసేశాను. ఇది రాయండి సార్, మెత్తబడిందని నాకు తెలుసు.

గురువారం ఉదయం ఎనిమిదీ ఇరవైకి ఆ బోల్టు విరిగి, తీగ ఊడి ఇంజనుకు తగిలి మంట లేచింది. బానెట్ ఎత్తబోయిన టీచరమ్మ గారి కుడిచేతి వేళ్ళు కాలాయి. ఇక్కడికి వచ్చే ముందు ఆవిడ ఇంటికి వెళ్ళి నేనేనని చెప్పాను. ఆవిడ “ఈ మాట స్టేషన్లో చెప్పు, నాకు కాదు” అన్నారు.

ఈ రోజు పదకొండూ నలభైకి ఇక్కడి అధికారి గారు విరిగిన బోల్టు ఉన్న సంచీ విప్పించారు. నట్టు దానికే ఉంది. భూతద్దంలో చూస్తే రెండు తెల్ల గీతలున్నాయి. నట్టు మీది పాత గీత బిగింపు వైపుకు జరిగిపోయింది. దాని పక్కన కొత్త గీత. వదులైతే అటు జరగదు. మేస్త్రిని లోపలికి పిలిచారు.

“ఈ రెండో గీత ఎవరిది?”

“దీనిదే సార్. నాది వంకర, దీనిది తాడు పట్టినట్టుంటుంది.”

“అంటే నీకు తెలుసా?”

“మొదటి వారమే తెలిసింది. అందుకే చేతులు రెండుసార్లు కడుక్కునేవాణ్ణి. దీనికి టైం సరిపోవాలి కదా.”

నేను ఆయన మీద అరిచాను. “తెలిసీ ఎందుకు చెప్పలేదు మేస్త్రీ? చెబితే కొలిచి బిగించేదాన్ని కదా!”

“చెబితే వెనక బిగించడం మానేస్తావేమోనని, మిరపకాయ్” అన్నారు.

 ఇది రాస్తున్న రైటర్ గారు మంచినీళ్ళు ఇచ్చారు.

ఆయన బిగించిన నట్టు సరిగ్గానే ఉంది. విరగ్గొట్టింది నా చెయ్యి. ఇకపై ఆయన వెనక ఏది బిగించినా టార్క్ రెంచితోనే, ఆయన వింటుండగా టిక్కుమనేట్టు బిగిస్తాను.

రైటర్ గారు ఇదంతా పైకి చదివారు, విన్నాను. నేను చెప్పిందే ఉంది. నన్ను ఎవరూ బెదిరించలేదు, బెదిరిస్తే ఊరుకునేదాన్నీ కాదు. “మెత్తబడింది” అన్న వాక్యం కొట్టేయమంటావా అని అడిగారు. వద్దన్నాను. కింద సంతకం నాది. దాని పక్కన సాక్షిగా చేసింది మేస్త్రి. వంకరగా ఉందని దాని మీద ఎవరూ మళ్ళీ దిద్దవద్దు.