ఫర్కర్ పట్టిన ఒకే ఒక్క చేప

ఎవరూ, ఆ ఫోటోలో ఉన్నాయనా? ఫర్కర్. నీకంటే చాలా ముందు ఈ ఏటికి గిల్లీ. కూర్చో కెర్స్టీ, ఆ కుర్చీలో కాదు తల్లీ, దానిమీద ఈకలు ఆరబెట్టాను, ఇటు కూర్చో. గాలానికి ఎరగా నీ ఈకల ఈగలు కట్టేసరికి ఎలాగూ గంట పడుతుంది. నువ్వూ ఫిబ్రవరి నించీ ఈ గిల్లీ పని చేస్తున్నావుగా, నీకు తెలిసే ఉంటుంది, దొరలకి చంకలదాకా రబ్బరు లాగులు తొడిగి, నీళ్ళలోకి దింపి, అక్కడ వెయ్యండి బాబూ, ఇక్కడ ఆపండి బాబూ అని చేపలు పట్టించడం ఎంత చాకిరీయో. ఆయన ముప్పైతొమ్మిదేళ్ళు చేశాడు. ఏట్లో చేపలవేట తెరిచే రోజున మీరందరూ విస్కీ ఏట్లో పోస్తారు కదా, చెంచాడు పోసి సీసా చంకలో పెట్టుకుంటారు, నేను చూడలేదనుకోకు. ఆయనైతే సగం సీసా గుమ్మరించేవాడు. "ఏటికి మర్యాద తక్కువ చేస్తామా!" అనేవాడు. ఆ ఫిబ్రవరి మంచులో గాలం కర్ర ఇనప రింగులు గడ్డకట్టుకుపోతే నోటితో కరిగించబోయి ఓసారి పెదవి అంటుకుపోయింది. పొద్దున్నుంచీ మధ్యాహ్నం దాకా దొరతో సైగలే. ఆ దొర వెళ్ళేటప్పుడు ఏమన్నాడో తెలుసా, "ఇంత నెమ్మదైన గిల్లీని నేనెక్కడా చూడలేదు" అన్నాడు. నెమ్మదట! ఫర్కర్ నెమ్మదట! నిద్రలో కూడా వాగేవాడమ్మా ఆయన.

ఏం చెబుతున్నాను? ఆఁ, చాకిరీ. ఎండాకాలం ఏట్లో నీళ్ళు చీలమండలదాకా దిగిపోయాయంటే చేపలన్నీ రాతిమడుగులో బోర్లా పడుకుని, మనకేసి చూసి, మళ్ళీ పడుకుంటాయి. దొరకేమో వారం సెలవు అయిపోతోంది. అప్పుడు వాళ్ళని ఓదార్చాలి, ముసురుదోమలు కుడుతుంటే వాళ్ళ తరఫున కూడా గోక్కోవాలి. డాబ్సన్ అని లీడ్స్ నించి ఓ పళ్ళ డాక్టరొచ్చేవాడు, పంతొమ్మిదేళ్ళు వరసగా వచ్చాడు. గాలం విసిరాడంటే చుట్టుపక్కల ప్రాణమున్నదేదీ మిగిలేది కాదు. గొర్రెని పట్టాడు. ఎస్టేటు అమ్మగారి టోపీ పట్టాడు. ఫర్కర్ చెవి మూడుసార్లు పట్టాడు, ఒకే చెవి! ఫర్కర్ ఏమాత్రం విసుక్కోకుండా, చెవికి ఈగ వేలాడుతుంటే, "బాగా విసిరారు బాబూ, ఇంకాస్త ఎడమకి" అనేవాడు. అలాంటివాడి చేత కూడా చేప పట్టించాడు. అందరికీ ఒకటే పాఠం. "చేప ఈగని అందుకోగానే కర్ర ఎత్తకండి. చేతులు కట్టుకున్నట్టుండండి. దాన్ని నోరు మూసుకుని వెనక్కి తిరగనివ్వండి. ఒకటీ, రెండూ, మూడూ. అప్పుడెత్తండి." ఆ మాట ఈ లోయలో గొర్రెలకి కూడా కంఠతా వచ్చు.

మరి తనో? ఒక్కటంటే ఒక్క చేప పట్టలేదమ్మా. నవ్వకు. నువ్వు నవ్వితే నాకూ నవ్వొస్తుంది, ముడి తప్పుతుంది. ఏడాది పొడుగునా గిల్లీ తన కోసం గాలం వెయ్యకూడదన్నది అప్పటి కట్టడి. సెప్టెంబరు ఆఖరున దొరలు పెట్టెలు సర్దుకుపోయాక గిల్లీల రోజు, ఆ ఒక్క రోజే ఏరు వాళ్ళది. ఇరవయ్యారేళ్ళ వయసులో, ఇదే గుమ్మంలో నిలబడి, టోపీ నలిపేస్తూ, "ఎఫీ, నా సొంత చేప నేను పట్టిన రోజున వచ్చి నిన్ను అడుగుతాను" అన్నాడు. ఏమడుగుతావని నేనడగలేదు, తెలుసు కదా. అప్పటికి నాకు ఇరవైరెండు. అప్పట్నించీ ఏటా ఆ రోజుకి నేనో ఈగ కట్టిచ్చేదాన్ని. దాన్ని తప్ప ఇంకోదాన్ని గాలానికి కట్టేవాడు కాదు. ఏటా ఆ సాయంత్రం తడిసి ముద్దయి వచ్చేవాడు. "తగిలింది ఎఫీ, జారిపోయింది. ఆలస్యంగా ఎత్తాను." మరుసటేడు ఇంకా తొందరగా ఎత్తాడు. ఆ పైయేడు ఇంకా తొందరగా. చివరికెలా తయారయ్యాడంటే, చేప నోరు తెరిచిందో లేదో ఈయన కర్ర ఆకాశంలో ఉండేది! లోకానికంతా ఎత్తకండి ఎత్తకండి అని చెప్పే మనిషి! చేపలు నోట్లో పెట్టుకోకముందే ఈగ వెనకనున్న చెట్టెక్కేది. ఊళ్ళో సత్రంలో వాళ్ళు ఏటా పందేలు కాసేవాళ్ళు, పడుతుందా పడదా అని కాదు, ఏ చెట్టు అని.

ఆయనకి అరవైఐదు నిండాయి, ఆ ఏడాదితో ఉద్యోగం సరి. ఆఖరి గిల్లీల రోజు. మోకాళ్ళు అరిగిపోయాయి, ఇంకో ఏడాది ఆ రాళ్ళమీద నిలబడలేడని ఊరందరికీ తెలుసు. డాబ్సన్ ఇంటికి పోకుండా ఉండిపోయాడు. "ఇవాళ నేను మీకు గిల్లీని" అని సంచీ తగిలించుకుని, వల పుచ్చుకుని వెనక నిలబడ్డాడు. నేను ఎదుటి ఒడ్డున ఫ్లాస్కు పెట్టుకుని కూర్చున్నాను. మూడు మడుగులు దిగారు, ఏమీ లేదు. నాలుగోదాన్లో పెద్ద రాయి పక్కన నీళ్ళు ఇలా ఉబికాయి. అంతే, డాబ్సన్ కొంపలంటుకున్నట్టు అరిచాడు, "ఎత్తకు! ఫర్కర్, ఎత్తకు! చేతులు కట్టుకున్నట్టుండు!" ఫర్కర్‌కి ఒళ్ళు మండిపోయింది. మనిషి మొత్తం వెనక్కి తిరిగాడు. "ఎవరికి చెబుతున్నారు బాబూ? ముప్పైతొమ్మిదేళ్ళనించీ నేను చెప్పేమాట నాకే చెబుతున్నారా? నా చెవి చూడండి, ఈ చెవి చూసి మాట్లాడండి!" ఆయన చెవి చూపిస్తున్నాడు, డాబ్సన్ ఏటికేసి చూపిస్తున్నాడు, ఈలోగా చేప తీరిగ్గా నోరు మూసుకుని, వెనక్కి తిరిగి, తనంతట తనే గుచ్చుకుంది. రీలు కీచుమంది! నేను ఫ్లాస్కు ఎటు విసిరేశానో ఇప్పటిదాకా తెలీదు. అరగంట! డాబ్సన్ వలతో రెండుసార్లు ఫర్కర్ కాలిని పట్టాడు, మూడోసారి చేపని. ఎర్రబారిన ఆడచేప, గుడ్లతో కడుపు నిండుగా ఉంది. అలాంటిదాన్ని వదిలెయ్యాలి కదా. నీళ్ళలోనే రెండు చేతులతో పట్టుకుని, అది ఊపిరి తీసుకునేదాకా వంగి నిలబడ్డాడు. పోయింది. అప్పుడు ఆ మోకాళ్ళతో ఏరు దాటి, చొక్కాలోంచి నీళ్ళు కారుతుంటే, నా ముందుకొచ్చి అడిగాడు. పంతొమ్మిదేళ్ళుగా వస్తున్న ఆ పళ్ళ డాక్టరు అవతలి ఒడ్డున ముక్కు చీదుకుంటూ నిలబడ్డాడు.

పదకొండేళ్ళు కాపురం చేశాం, ఆయన పోయేదాకా. బాగా చేశాం. రబ్బరు లాగుతో వంటింట్లోకొచ్చి నేలంతా తడిపేవాడు, నేను తిట్టేదాన్ని, అదే మా సరసం.

నీకొకటి చెబుతాను, సత్రంలో చెప్పకు. అప్పుడు నాకు ఇరవైరెండేళ్ళన్నాను కదా. ఇన్వర్నెస్ వెళ్ళి టోపీల కొట్టు పెట్టాలని ఉండేది నాకు. ఫర్కర్ చేప పట్టాడంటే పెళ్ళే. కాదని మొహంమీద చెప్పే ధైర్యం లేదు. అందుకని మొదటి ఆరేళ్ళూ, ఈగ కట్టాక, ఇదుగో ఈ పటకారుతో, కొక్కెం ముల్లు కొనని కత్తిరించేశాను. గోరుముక్కంత. చేప పట్టుకునేది, జారేది. ఆలస్యంగా ఎత్తానని వాడు... ఆ తర్వాత ఇన్వర్నెస్ పిచ్చి పోయింది, వాడే కావాలనిపించింది. మంచి ముళ్ళే కట్టాను, ఏడాదికేడాది ఇంకా పదునుగా. కానీ అప్పటికే వాడి చెయ్యి ఆ తొందరకి అలవాటు పడిపోయింది. ముప్పైమూడేళ్ళు, కెర్స్టీ. ఏమిటీ? గిల్లీ అయ్యుండి ముల్లు చూసుకోడా అంటావా? చూసేవాడు. ఏ దొర ఈగైనా సరే బొటనవేలి గోటిమీద గీసి చూడందే నీళ్ళలో పడనిచ్చేవాడు కాదు. నేనిచ్చింది మాత్రం చూసేవాడు కాదు. "ఎఫీ కట్టింది కదా" అనేవాడు.

చెప్పలేదు. పదకొండేళ్ళు ఒకే బల్లమీద గంజి తాగాం, చెప్పలేకపోయాను.

ఊఁ. నీకు నల్ల ఈకలా, నారింజవా? తొందరగా చెప్పు, వెలుతురు పోతోంది.