తవ్వని మడి

“పార ఏడ పెట్టినవ్?”

“పారతోని నీకేం పని?”

“తవ్వుడు పని.”

“తవ్వేది లేదు. పండుకో.”

సోలాపూర్ నీలం నగర్‌లో, మొన్నటిదాకా రెండు సాంచెలు, అంటే మరమగ్గాలు, దడదడలాడిన జాగా అది. సాంచెలూ పోయాయి, పైనున్న రేకులూ పోయాయి. మిగిలింది నేల ఒక్కటే. గడప దగ్గర మంచం మీద పెంటప్ప ఉన్నాడు. ఏళ్ళ తరబడి పీల్చిన నూలు ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, నాలుగు మాటలకోసారి ఆగి గాలి కోసం వెతుక్కుంటున్నాడు. ఆయన చేతికి పార అందనివ్వకపోవడం తప్ప ఇంకేం చేయాలో భార్య కమలకు తోచడం లేదు.

“తవ్వకుంట పూలెట్ల పూస్తయే?”

“ఋతుజ ఫోన్ల చూపించింది. నేలను కదిలియ్యద్దంట. నూలు డబ్బాల అట్టలు పరిచి, తడిపి, పైన పెంట ఎరువు పోసి ఇత్తనం పెట్టుడే. అట్ట కింద గడ్డి దానంతటదే చస్తదంట.”

“ఋతుజనా? పక్కింటి పిల్లనా? అది కుండీల తులసి చెట్టునే సంపింది.”

“సంపితే సంపింది. నాకు నచ్చింది, చేస్తున్న.”

“సాంచెల ఆయిల్ తాగిన నేల ఇది. తిరగెయ్యాలె. నేను కొద్దిగ... కొద్దిగ కొద్దిగ...”

“ఆగు. మాట్లాడకు. గాలి తీస్కో.”

“తీస్కున్న. పార ఇయ్యి.”

“ఇయ్య.”

“మరి మొన్న పెట్టిన గునుగు నారు ఏమాయె? తవ్వలే గద, ఏమాయె?”

“మాడిపోయింది.”

“ఎందుకు మాడింది?”

“ఊకో.”

“చెప్పు కమలా, ఎందుకు?”

“తేమ ఆగాలని బీడీ ఆకు ముక్కలు పరిచిన. చాటల అడుగున ఉన్నదంత ఎత్తి పోసిన.”

“అడుగున తంబాకు పొడి ఉండదా?”

“ఉంటది.”

“పొద్దంత బీడీలు చుట్టేదానివి. గంత తంబాకు పోస్తే లేత నారు ఆగుతదా?”

“యాదికి రాలేదయ్యా. ఈ మధ్య నాకు ఏదీ యాదికి ఉంట లేదు. అంత ఎత్తి పారేసిన. మళ్ళ పెడ్తున్న.”

“నవ్వొస్తుంది గని... దమ్ము లేదు.”

“నవ్వకు. నీ కాళ్ళు మొక్కుత, నవ్వకు.”

“ఇదంత ఎందుకే?”

“బతుకమ్మకు. ఈడ గునుగు పువ్వు మంచిది యాడ దొరుకుతది? ప్రతిసారి బజార్ల వాడినవే తెచ్చుడు. ఈసారి మన జాగల పూసినయి పేర్చుకుంట. నువ్వు చూస్తవ్.”

“చూస్తనా?”

“చూడక ఏం చేస్తవ్? మంచం వాకిట్ల ఏస్త.”

“ఇంట్ల ఎవలన్న పోతే ఆ ఏడు బతుకమ్మ పేర్వరు గద.”

“ఎవలు పోతరు? ఏం మాటలవి? గా బకెట్ ఇటు... వద్దు, నువ్వు లేవకు. నేనే తీస్కుంట.”

“కమలా.”

“ఏంది?”

“నిన్న డాక్టర్ నిన్ను బయటికి పిలిచిండు గద.”

“గోలీలు బదలాయించిండు. గంతే.”

“తలుపు సగమే ఏసిండ్రు.”

“గోలీలే అన్న గద. తెల్లయి పోయి ఎర్రయి ఇచ్చిండు.”

“దసరా దాక కష్టమన్నడు. నాకు ఇనపడ్డది.”

“ఆయనకేం తెలుసు? ఆయనేమన్న దేవుడా? ఇంకో దవాఖానకు పోదాం. నేను ఎవలనన్న అడుగుత, నేను... నువ్వు మాట్లాడకు. గాలి తీస్కో.”

“ఏడువకు. ఇగ పార అడగ. నువ్వన్నట్టే కానియ్యి, తవ్వకు.”

“మరి గునుగు ఇత్తనం పొయ్యాల్నా?”

“గునుగు వద్దు. బంతి పొయ్యి. నేనుంటే బతుకమ్మల పెడ్తవ్, లేకుంటే పాడె మీద ఏస్తవ్.”