ఎనిమిది హీటర్ల లెక్క

రేపు బడిలో కొత్త హాలు ప్రారంభం. ముఖ్య అతిథిగా వెళ్లాల్సిన కరెంటాఫీసు పెద్ద ఇంజనీరు అద్దం ముందు ఉపన్యాసం వల్లెవేసుకుంటున్నాడు. అదే బడిలో చదివే కూతురు గుమ్మంలో నిలబడింది.

“...విద్యుత్తే నా ఊపిరి! వోల్టేజీయే నా గుండె చప్పుడు!”

“నాన్నా, ఆ చప్పుడు కాసేపాపి ఈ లెక్క చెప్పు.”

“అబ్బ! మంచి ఊపులో ఉన్నప్పుడే వస్తావేంటమ్మడూ? రేపు చెప్తాలే.”

“ఇప్పుడు చెప్పకపోతే రేపు బడికి రాను. నీ సభకీ రాను.”

“అదేం మాట! నీ కోసం ముందు వరుసలో కుర్చీ వేయించాను. చప్పట్లు మొదలుపెట్టాల్సింది నువ్వే. సరే, చదువు.”

“ఒక గది హీటరు. వోల్టేజీ రెండొందల ముప్పై, కరెంటు పది ఆంపియర్లు. రెసిస్టెన్స్ ఎంత? పవరెంత?”

“ఓస్, ఇంతేనా! రెసిస్టెన్స్ అంటే... అది కంపెనీని బట్టి ఉంటుంది.”

“నాన్నా!”

“ఎండాకాలం ఒకలా, చలికాలం ఒకలా...”

“నీళ్లు నమలకు. వోల్టేజీని కరెంటుతో భాగించాలా, హెచ్చవేయాలా?”

“రెండూ చేస్తే పోలా?”

“నిజమే. రెండూ చెయ్యాలి.”

“చూశావా! అనుభవం తల్లీ, అనుభవం!”

“ఏది దేనికి?”

“...మీ అమ్మ పిలుస్తున్నట్టుంది.”

“అమ్మ ఇంట్లోనే లేదు. భాగిస్తే రెసిస్టెన్స్, ఇరవైమూడు ఓములు. హెచ్చవేస్తే పవరు, రెండువేల మూడొందల వాట్లు.”

“అదే చెప్పబోతున్నా! నోట్లో మాట లాగేశావు. పిట్ట కొంచెం, కూత ఘనం.”

“ఆఫీసులో ఈ లెక్కలెవరు చేస్తారు?”

“కింది సెక్షను వాళ్లు. నేను సంతకం పెడతా.”

“చూసేనా?”

“చూస్తే వాళ్ల మీద నమ్మకం లేదనుకోరూ? పాపం, బాధపడతారు.”

“లెక్క ఇంకా ఉంది. అలాంటి హీటర్లు ఎనిమిది, అన్నీ ఒకే తీగ మీద. ఆ తీగ ముప్పై ఆంపియర్లే మోస్తుంది.”

“ఎనిమిది పదులు ఎనభై. ఇదిగో, ఇది నాకొచ్చు! ముప్పై మోసేదాని నెత్తిన ఎనభై పెడితే ఊరుకుంటుందా? ఫ్యూజు ఎగిరిపోతుంది.”

“ఫ్యూజు పోతోందని దాని బదులు లావు రాగితీగ చుట్టేశారు.”

“లెక్కల్లో అలా కూడా ఇస్తారా?”

“ఇందులో ఇచ్చారు. చెప్పు, ఏమవుతుంది?”

“ఏమవడమేంటి! గోడలో తీగ అంటుకుంటుంది. అక్కణ్ణించి పైకప్పు. మనుషులుంటారా అందులో?”

“రెండొందలమంది పిల్లలు.”

“అయ్యో అయ్యో! దీనికి సరేనన్న ఇంజనీరెవడే? వాడికి కళ్లు నెత్తికెక్కాయా? ముందు వాణ్ణి ఉద్యోగంలోంచి పీకెయ్యాలి! జైల్లో వెయ్యాలి!”

“అంత కోపం ఎందుకు నాన్నా? కూర్చో.”

“కోపం రాదూ? పసిపిల్లలే వాళ్లు! ఇంతకీ ఏ పుస్తకంలోదీ దిక్కుమాలిన లెక్క?”

“పుస్తకంలోది కాదు. రేపు నువ్వు స్విచ్చు వెయ్యబోయే హాల్లోది. అక్కడి కరెంటు బోర్డు మీద అంటించిన అనుమతి కాగితంలో సంతకం నీది. ముందు వరుసలో కుర్చీ నాది.”