అట్టకు బొక్కలు యాడ?

1989. ఎమ్మిగనూరు నేత సంఘం ఆఫీసులో శ్రీపాదరావు ఒక పాత కార్డును కంప్యూటరులోంచి నాలుగోసారి ఊడదీశాడు. జకార్డు మగ్గాల మీద పూలు నేయడానికి అట్టలకు బొక్కలు కొట్టే హనుమన్న వచ్చి పక్కన కూర్చున్నాడు.

“ఏంది స్వామీ అది?”

“నెట్‌వర్కు కార్డు హనుమన్నా. ఈ రెండు మిషన్లూ మాట్లాడుకోవాలంటే ఇదే దిక్కు. మిషన్ని నడిపే యునిక్స్ ప్రోగ్రాం చూస్తే దీన్ని గుర్తే పట్టదు. సాయంత్రంలోగా పలకలేదంటే మిషన్లు వాపసు పంపిస్తామన్నారు సంఘం వాళ్లు.”

“కార్డంటివి, మరి బొక్కలు యాడ?”

శ్రీపాదరావుకు నవ్వొచ్చింది. “ఇది మీ మగ్గం అట్ట కాదప్పా!”

“బొక్క లేకుంటే ఏ దారం ఎత్తాల్నో మిషనుకు ఎట్ల తెలుస్తాది?”

“నంబరుతో. కార్డు మూడో నంబరు మీద ఉందని యునిక్స్‌కు నేనే రాసి చెప్పినాను.”

“సెప్తే సాలునా? ఈ సన్న పుల్లలకు నల్ల టోపీ పెట్టినారే, అది ఐదు కాడ ఉండాది, సూడు.”

శ్రీపాదరావు కళ్లద్దాలు సర్దుకుని వంగి చూశాడు. కార్డు నంబరును ఖాయం చేసే ఆ జంపరు ఉన్నది ఐదు మీదే.

“ఎవరో ముందే మార్చినారు! దీంతో వచ్చిన కాగితంలో మూడని ఉంటే నమ్మినాను.”

“మేం కాగితం నమ్మం స్వామీ. అట్టను ఎండకు పట్టి బొక్కలు సూస్తాం.”

శ్రీపాదరావు టోపీని మూడుకు మార్చి, కార్డు బిగించి, మిషను వేశాడు. కాసేపటికి అవతలి కంప్యూటరు జవాబులు తెర మీద ఒకదాని కింద ఒకటి, వరస వెంట వరస రాసాగాయి.

హనుమన్న రెప్ప వేయలేదు.

“గుడ్డ దిగుతాంది స్వామీ!”